కెప్టెన్ పక్క కుర్చీ

మేము చూసే సీరీస్ ఈ సీజన్‌తో అయిపోతుందన్న వార్త వచ్చినప్పుడు నేను ఢిల్లీ సాకేత్‌లో, మా ఆఫీసులో, ఒక మీటింగ్ మధ్యలో ఉన్నాను. బల్ల కింద ఫోన్ చూసి, మంచినీళ్ల కోసం వెళుతున్నట్టు లేచి బయటికి వచ్చాను. నీళ్లు తాగలేదు. కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిరుగుతూ ఉండిపోయాను. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, తన కింద ఓ జట్టును నడిపే మనిషి, అంతరిక్షంలో తిరిగే ఉత్తుత్తి ఓడ ఒకటి ఆగిపోతుందంటే కాళ్లు నిలవక అలా తిరగడం చూస్తే ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ సీరీస్ అయిపోతే మా అక్కకీ నాకూ మధ్య మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగలదు. నా కంగారల్లా అదే.

ముందు ఓడ సంగతి చెప్పాలి. విత్తనాలు నింపుకుని గ్రహం నుంచి గ్రహానికి తిరిగే పాత సరుకు ఓడ అది. ఎక్కడ మంచి నేల దొరికితే అక్కడ కొన్ని విత్తనాలు దించి, మళ్లీ బయల్దేరుతుంది. సీరీస్ పేరు మేమెవరమూ వాడేవాళ్లం కాదు. ‘ఓడ చూశావా’ అంటే చాలు. నేను కాలేజీలో ఉండగా మొదలైన కథ, ఇన్నేళ్లూ ఏదో ఒక రకంగా సాగుతూనే వచ్చింది. అక్క పెళ్లయి ఆర్.కె. పురం క్వార్టర్స్‌కి కాపురానికి వచ్చాక, నేను ఉద్యోగం వెతుక్కుంటూ గుంటూరు నుంచి వచ్చి ఆమె ఇంట్లోనే దిగాను. బావగారికి ఎప్పుడూ టూర్లే. ఆయన ఊళ్లో లేని చలికాలం సాయంత్రాలు మేమిద్దరం ఒకే రజాయి కప్పుకుని, వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ పాత సీజన్లన్నీ చూసేశాం. కాయల పొట్టు అంతా రజాయిలో పడేది. ఎవరు దులపాలన్న దాని మీద కూడా వాదించుకునేవాళ్లం.

ఆ ఓడలో కెప్టెన్, డాక్టర్ ఇద్దరూ ఆడవాళ్లే. తోడబుట్టినవాళ్లు కారు గానీ అంతకంటే తక్కువేమీ కాదు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఓడ నడిపేవాళ్లు. మధ్యలో ఒక సీజన్‌లో ఓడకి నిప్పంటుకుంటుంది. రోగులున్న గదిలోకి పొగ పాకుతుంది. కెప్టెన్ ఆ గది తలుపు బయటి నుంచి మూసేస్తుంది. మూయకపోతే ఓడ మొత్తం బూడిదయ్యేది, ఆ సంగతి డాక్టర్‌కీ తెలుసు. కానీ మూసే ముందు డాక్టర్‌కి చెప్పలేదు. ఏదో వంక పెట్టి ఆమెను కింది అంతస్తుకి పంపించి, అప్పుడు మూసింది. ఆ రోజు డాక్టర్ తన కుర్చీ వదిలేసి కింద ఒక చిన్న గదిలో చేరిపోయింది. ఆ తర్వాత సీజన్ల తరబడి వాళ్లిద్దరూ స్పీకర్‌లో డ్యూటీ మాటలు తప్ప ఇంకో మాట అనుకోలేదు.

మా సంగతీ ఇంచుమించు అంతే, మంటలూ పొగా లేవు గానీ. నేనూ నా భర్తా విడిపోయాం. వీధిన పడ్డ గొడవలేవీ లేవు. సంతకాలయ్యాయి, ఎవరి సామాను వాళ్లం తెచ్చుకున్నాం, నేను వైశాలిలో చిన్న ఫ్లాటు చూసుకున్నాను. కొన్నాళ్లకు అతను విజయవాడలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. నాకు బాధ కలగలేదంటే అబద్ధం, కానీ ఆ బాధ నేను పడగలిగిందే. పడలేకపోయింది వేరే. ఆ వారం అక్క ‘చుట్టాలింట్లో గృహప్రవేశం’ అని చెప్పి రైలెక్కింది. రెండు రోజుల తర్వాత ఎవరిదో వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫొటో చూశాను. అతని పెళ్లి భోజనాలు. బంతిలో అందరి మధ్యా మా అక్క కూర్చుని ఉంది. ఒంటి మీద చిలకాకుపచ్చ పట్టుచీర, నేను ఏరి కొన్నది. ముందు అరిటాకు, ఆకులో సగం తిన్న పులిహోర, పక్క కుర్చీలో ఎవరూ లేరు, ఎవరిదో బ్యాగ్ ఉంది. ఆ ఫొటోను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఎక్కడ ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగేటంతగా చూశాను.

ఫోన్ చేసి అడిగాను. దాచలేదు, ఒప్పుకుంది.

“మీ బావగారు టూర్‌లో ఉన్నప్పుడు నా ఆపరేషన్‌కి ఆసుపత్రిలో కూర్చుంది ఎవరే? వదినా వదినా అంటూ ఇన్నేళ్లు మన ఇంట్లో తిరిగాడు. పిలిచాక వెళ్లకుండా ఎలా ఉంటాను?” అంది.

“వెళ్లొద్దన్నానా? నాకు చెప్పి వెళ్లాల్సింది.”

“చెప్తే ఏమయ్యేది?”

ఆ ప్రశ్నకు నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను. తర్వాత ఆమె చేసింది, నేను ఎత్తలేదు. కొన్నాళ్లకు ఆమే మానేసింది.

మా మాటలు ఆగాయి గానీ ఓడ ఆగలేదు. ఢిల్లీలో ఆ సీరీస్ చూసే తెలుగువాళ్ల గ్రూపు ఒకటి ఉంది. గొడవకు చాలా ముందే అక్క నన్ను అందులో చేర్చింది. గొడవయ్యాక ఇద్దరిలో ఒకరు బయటికి పోవాలి కదా అనుకున్నాను. నేనెందుకు పోవాలి అని కూడా అనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకుని ఉంటుంది. ఇద్దరం ఉండిపోయాం.

అలా ఒక పద్ధతి ఏర్పడింది. మేం ఒకరితో ఒకరం మాట్లాడం, ఊరందరితో మాట్లాడతాం. ‘కొందరికి డాక్టర్ ఎంత పంతం పట్టినా న్యాయంగానే కనిపిస్తుంది’ అని అక్క గ్రూపులో రాసేది. ‘కొందరి లెక్కలో కెప్టెన్ ఏం చేసినా చెల్లుతుంది’ అని నేను రాసేదాన్ని. ఒకసారి జ్వరం వచ్చి ఎపిసోడ్ చూడలేకపోయానని చెప్తే, ‘జ్వరం వచ్చినవాళ్లు మిరియాల చారు పెట్టుకుని పడుకోవాలి, ఎపిసోడ్ ఎక్కడికీ పోదు’ అని అందరికీ కలిపి సలహా ఇచ్చింది. ఆ వారం గ్రూపు మొత్తంలో జ్వరం వచ్చింది నాకొక్కదానికే. పంతం కొద్దీ చారు పెట్టుకోలేదు. మర్నాడు పెట్టుకున్నాను.

గ్రూపు నడిపేది ఒక అంకుల్. అనంతపురం వైపు మనిషి, కేంద్రప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నాలు ఆర్.కె. పురంలో ఆయన క్వార్టర్ ముందుగదిలో కలిసేవాళ్లం. అక్క వాళ్ల క్వార్టర్ అక్కడికి రెండు వీధుల అవతలే. నేను వైశాలి నుంచి మెట్రోలు మారి అంత దూరమూ వచ్చి, ఆ వీధి మొహం కూడా చూడకుండా తిరిగి వెళ్లిపోయేదాన్ని. వచ్చేవాళ్లలో కరీంనగర్ నుంచి వచ్చి సివిల్స్‌కి చదువుకుంటున్న తమ్ముడు ఒకడు. చదువు కంటే ఓడ మీద పట్టు ఎక్కువని మేం ఏడిపించేవాళ్లం. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన అమ్మాయి ఒకతె. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. మేం అక్కాచెల్లెళ్లమని అందరికీ తెలుసు. మేం మొహాలు చూసుకోకపోవడం కూడా గమనించారు. అయితే అది కెప్టెన్ గురించి వచ్చిన పట్టింపే అనుకున్నారు. ఇంత పిచ్చి ఉన్నవాళ్లకి తప్ప అలాంటి ఆలోచన ఇంకెవరికీ తట్టదు.

ఆ గదిలో నా పని రికార్డు. ఎవరైనా ఏదైనా సీన్ గురించి చెప్తే, అది నిజంగా ఉందా లేదా అని నా వంక చూసేవాళ్లు. నేను ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. ఈ విషయంలో నాకు గర్వం కూడా ఉండేది. అక్క మాట ఎక్కడైనా తప్పితే దిద్దడంలో ఇంకొంచెం ఉత్సాహం ఉండేది, అది కూడా నిజమే.

అంకుల్ పెట్టిన రూలు ఒకటుంది. ఆఫీసులో ఏ ఫైలు మీదైనా, ఆ ప్రతిపాదన నచ్చినవాడి చేత దానికి వ్యతిరేకంగా ఒక నోట్ రాయించడం ఆయన అలవాటట. అప్పుడు గానీ అందులో లొసుగులు బయటపడవంటారు. దాన్ని తెచ్చి మా మీద రుద్దారు. పెద్ద ఎపిసోడ్ వస్తే ఇద్దరు లేచి నిలబడాలి. ఎవరిది ఏ పక్షమో అందరికీ తెలుసు కాబట్టి, వాళ్ల చేత ఎదుటి పక్షం మాట్లాడిస్తారు. మనకు నచ్చని మాటను మన నోటితో, మనదే అన్నంత గట్టిగా చెప్పాలి. దీని పేరు ఎదురు నోట్. వెటకారం కుదరదు. సీరీస్‌లో లేని సీన్ చెప్తే నోట్ మొత్తం కొట్టేసి కూర్చోబెడతారు.

ఇక చివరి ఎపిసోడ్‌కి ముందు ఎపిసోడ్ వచ్చింది. నవంబరు, ఏటా లాగే ఊరంతా పొగ. ఆఫీసు వాళ్లు ఇంటి నుంచే పని చెయ్యమన్నారు, అది నాకు ఇంకా చెరుపు చేసింది. వంటగదిలోకి వెళ్లడం, ఎందుకు వెళ్లానో మర్చిపోయి తిరిగి రావడం. శుక్రవారం ఎపిసోడ్ పెట్టుకున్నాను. ఓడ దారి తప్పి ఉంటుంది. కెప్టెన్ జుట్టు నెరిసిపోయింది. డాక్టర్ కింది గదిలోంచి మెట్లెక్కి పైకి వస్తుంది. నేను సోఫా అంచుకి జరిగాను. ఇన్నేళ్ల తర్వాత ఏమంటుంది, కెప్టెన్ ఏమని జవాబు చెప్తుంది. డాక్టర్ వచ్చి కెప్టెన్ పక్క కుర్చీలో కూర్చుని, “ఎటు వెళుతున్నాం?” అని అడుగుతుంది. కెప్టెన్ వేలితో ముందుకి చూపిస్తుంది. అంతే. పేర్లు పడటం మొదలైంది.

రిమోట్ సోఫాలోకి విసిరేశాను. ‘ఇన్నేళ్లు మనల్ని గుమ్మంలో నిలబెట్టి, చివరికి దొడ్డిదారిన దాటేశారు. ఒక్క మాట, తప్పయిందని ఒక్క మాట అనిపించలేకపోయారా’ అని గ్రూపులో రాశాను. కాసేపటికి అక్క రాసింది: ‘కొన్ని మాటలు నోటితో అనక్కర్లేదు. వచ్చి కూర్చుంది. చాలు.’

చాలు అట. ఎవరికి చాలు? బాల్కనీలోకి వెళ్లాను, పొగకి దగ్గొచ్చి లోపలికి వచ్చాను. మిగతావాళ్లంతా రెండుగా చీలిపోయి కొట్టుకుంటున్నారు. ఏడ్చామని కొందరు, మోసపోయామని కొందరు. వాళ్ల వాదన ఓడ గురించే. నాకు మాత్రం ఇంకో వారంలో ఈ తలుపు కూడా మూసుకుపోతుందని, అక్క ‘చాలు’ దగ్గరే ఆగిపోయిందని తెలుస్తూ ఉంది. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర సరిగా లేదు.

ఆదివారం అంకుల్ వాళ్లింట్లో కిటికీలన్నీ మూసి, గాలి శుభ్రం చేసే మిషన్ మూలన పెట్టారు. అది బుర్రుమంటూ ఉంది. ఆంటీ టీలూ పకోడీలూ ఇచ్చి లోపలికి వెళ్లారు. అక్క కిటికీ దగ్గర కుర్చీలో, నేను గుమ్మం దగ్గర పేము మోడా మీద. ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా ఉంటుందని నేనెప్పుడూ గుమ్మం దగ్గరే కూర్చునేదాన్ని.

అంకుల్ కళ్లద్దాలు సర్దుకున్నారు. “ఈ పొద్దు అక్కాచెల్లెళ్లిద్దరే నిలబడాల. చిన్నమ్మాయ్, క్షమాపణ అక్కర్లేదు, వచ్చి కూర్చుంది చాలు అని నువ్వు చెప్పాల. పెద్దమ్మాయ్, చాలదు, నోరు తెరిచి చెప్పాల్సిందేనని నువ్వు.”

“నేను చెప్పలేనంకుల్,” అన్నాను.

“చెప్పలేనిదే చెప్పాల. దానికే కదమ్మా ఈ రూలు పెట్టింది.”

లేచాను. మొదట ఏదో నసిగాను. చాలని ఎలా చెప్పను, చాలదని నా ఒళ్లంతా అంటూ ఉంటే. అంకుల్ ‘ఊఁ, ఊఁ’ అంటున్నారు. అప్పుడు నా రికార్డు బుద్ధి నన్ను ఆదుకుంది. ఒక్కో సీజనూ కళ్ల ముందు వెనక్కి తిప్పుకుంటూ ఉంటే, ఒకటి దొరికింది. అంతకు ముందెప్పుడూ నేను దాన్ని పట్టించుకోలేదు.

“తలుపు మూసిన రోజు నుంచీ కెప్టెన్ పక్క కుర్చీ ఖాళీగానే ఉంది,” అన్నాను. “కొత్తవాళ్లు ఎంతమందో వచ్చారు. మిగతా కుర్చీలన్నిటిలో మనుషులు మారారు. దాంట్లో మాత్రం ఎవ్వరినీ కూర్చోనివ్వలేదు. నడిపేవాళ్లు చాలక ఓడ గుద్దుకోబోయినప్పుడు కూడా ఒక్కతే రెండు పనులూ చేసింది. క్షమాపణ చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. కుర్చీని అన్నేళ్లు కాపాడటం కష్టం. డాక్టర్ వచ్చి కూర్చోవడానికి అక్కడ చోటుంది కాబట్టే కూర్చుంది. మాటలెందుకు ఇంకా?”

కూర్చున్నాను. నాకు నచ్చని మాటను నేనే ఇంత బాగా చెప్పడం నచ్చలేదు. సివిల్స్ తమ్ముడు చప్పట్లు కొట్టబోయి, అంకుల్ చూపుకి ఆగిపోయాడు.

అక్క లేచింది. నా వంక చూడలేదు, మూలనున్న మిషన్ వంక చూస్తూ మాట్లాడింది.

“కుర్చీ ఖాళీగా ఉంచింది, నిజమే. ఉంచి ఏం లాభం? ఉంచినట్టు డాక్టర్‌కి ఎవరు చెప్పారు? ఆమె కింద గదిలో ఉంది. అక్కడి నుంచి పైన కుర్చీ కనపడదు. ఆమెకి కనపడిందల్లా మూసిన తలుపే. ఆ రోజే కెప్టెన్ మెట్లు దిగి వెళ్లాల్సింది. వెళ్లి చెప్పాల్సింది.”

“ఏమని చెప్పాల?” అన్నారు అంకుల్. “చెప్పాల్సింది అని ఊరికే అంటే నోట్ కాదమ్మా. కెప్టెన్ ఏమనాలో ఆ మాటలు చెప్పు.”

అక్క చీర కొంగు భుజం మీదికి లాక్కుంది.

“చెప్తే వద్దంటావని కాదు చెప్పనిది,” అంది. గొంతు మారింది. “నువ్వు వద్దనవు. వెళ్లు అంటావు. వెళ్లు అని మొహం అటు తిప్పుకుంటావు. ఆ మొహం చూసి గడప దాటడం నావల్ల కాదు. అందుకని అబద్ధం చెప్పి వెళ్లాను. అక్కడ అందరూ బాగానే చూసుకున్నారు. భోజనాలకు లేవమంటే వెళ్లి కూర్చున్నాను. కూర్చోగానే పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగ్ పెట్టాను. ఎవరో వచ్చి, ఇక్కడెవరైనా ఉన్నారా అని అడిగారు. ఉంది, వస్తోంది అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, నువ్వు రావని. నువ్వు రాకూడని చోటికి నేనొచ్చి కూర్చున్నానని. ఇంక ముద్ద దిగలేదు. బ్యాగ్ మాత్రం తీయలేదు.”

ఆగిపోయింది. తనేం చెప్పిందో అప్పుడు తెలిసినట్టుంది, కుర్చీ వీపు పట్టుకుంది.

మొదట నోరు తెరిచింది తమ్ముడు. “అక్కా, జర ఆగుండ్రి. గీ భోజనాల సీన్ ఏ ఎపిసోడ్ల ఉంది? తలుపు మూసిన ఎపిసోడ్ నేను మస్తు సార్లు చూసిన. అండ్ల తినుడే లేదు.”

“ఔర్ కెప్టెన్ కే పాస్ హ్యాండ్‌బ్యాగ్ కహా సే ఆయా?” అంది ఢిల్లీ అమ్మాయి, కెప్టెన్‌కి బ్యాగ్ ఎక్కడి నుంచి వచ్చిందో నిజంగానే తెలుసుకోవాలని.

తమ్ముడు అప్పటికే ఫోన్ తీసి ఎపిసోడ్లు తిరగేస్తున్నాడు. అంకుల్ కళ్లద్దాలు తీసి నా వైపు తిరిగారు. “రికార్డు చెప్పాల. ఉందా, లేదా? లేకుంటే నోట్ కొట్టేస్తా.”

అక్క తల వంచుకుని ఉంది. చిన్నప్పుడు ఏ పెళ్లికెళ్లినా అక్క పరుగెత్తి ముందు బంతిలో కూర్చుని, పక్కన చేతిగుడ్డో చెప్పుల సంచో పెట్టి, నేను వచ్చేదాకా ఎంత పెద్దవాళ్లు అడిగినా తీసేది కాదు. అది నాకు తెలిసిన విషయమే. ఫొటోలో ఆ బ్యాగ్‌ని కూడా నేను ఎన్నోసార్లు చూశాను. ఎవరో చెయ్యి కడుక్కోవడానికి వెళ్లుంటారు అనుకున్నాను. చీర చూశాను, ఆకు చూశాను, పులిహోర చూశాను, అక్క నవ్విందా లేదా అని పెద్దది చేసి మరీ చూశాను. ఆ కుర్చీ నాదని తట్టలేదు. కోపం పోలేదు, దాని పక్కనే ఏడుపు కూడా వచ్చింది.

“ఉంది,” అన్నాను. “నేను చూశాను.”

“ఏ సీజన్ల అక్కా?” అన్నాడు తమ్ముడు.

“సీజన్ గుర్తులేదు. సీన్ గుర్తుంది. బ్యాగ్ మెరూన్ రంగుది, గొలుసు పట్టీ. పక్క కుర్చీలో ఉంటుంది.”

అక్క తలెత్తి నా వంక చూసింది. అన్నాళ్ల తర్వాత సూటిగా, మొహంలోకి. నేను చూపు తిప్పుకోలేదు. అంకుల్ కళ్లద్దాలు పెట్టుకుని, రికార్డు ఉందంటే ఉన్నట్టే, ఈ పొద్దు పెద్దమ్మాయి నోటే గెలిచింది అన్నారు.

అందరికంటే ముందు బయటపడ్డాను. గేటు దగ్గర మాస్క్ తగిలించుకుంటుంటే వెనకాల చెప్పుల చప్పుడు. పార్కు మూల దాకా ఇద్దరి దారీ ఒకటే. అక్కడి నుంచి ఆమె ఇంటికి, నేను మెట్రోకి. మూల దాకా నడిచాం. అక్కడ ఆగాను. వదిలెయ్యొచ్చు అనిపించింది. అంతా విన్నాను కదా, తెలిసింది కదా. కానీ నా వల్ల కాలేదు. ఆ డాక్టర్‌లాగా వచ్చి కూర్చునే రకాన్ని కాను నేను.

“కెప్టెన్ బాగా చెప్పింది,” అన్నాను. “ఇప్పుడు నువ్వు చెప్పు.”

“చెప్పాను కదే ఇందాక.”

“అది అంకుల్‌కి చెప్పావు. నాకు చెప్పు.”

లోపల అంత ధాటిగా మాట్లాడిన మనిషి ఇక్కడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అటూ ఇటూ చూసింది. ఎవరో పిల్లలు సైకిళ్ల మీద వెళ్లిపోయేదాకా ఆగింది.

“నీకు చెప్పకుండా వెళ్లాను. తప్పు చేశాను,” అంది.

“ఊఁ.”

“కోపం పోయిందా?”

“లేదు.”

“పోనీ ఇంటికి రా. టీ తాగి వెళుదువుగాని.”

“ఇవాళ కాదక్కా,” అన్నాను.

అక్కా అని పిలిచి చాలా కాలమైంది. ఆ పిలుపు నా నోట్లోంచి అనుకోకుండా వచ్చింది. ఆమె తలూపి వాళ్ల వీధిలోకి తిరిగింది. మెట్రోలో సీట్లు ఖాళీగా ఉన్నా వైశాలి దాకా నిలబడే వచ్చాను.

మరుసటి శుక్రవారం చివరి ఎపిసోడ్ వచ్చింది. ఓడ ఒక ఎర్రటి నేల మీద దిగింది, కెప్టెనూ డాక్టరూ కలిసి మిగిలిన విత్తనాలు చల్లారు. బాగానే ఉంది. గ్రూపులో అందరూ దండాలు, కన్నీళ్లు పెట్టారు. అక్క ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు. ఓడ అయిపోయింది కాబట్టి ఇక ఆదివారాలు కలవడం ఉండదని, అందరూ చల్లగా ఉండాలని అంకుల్ ఆఫీసు భాషలో ఒక మెసేజ్ పెట్టారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నాకు ఇల్లు పట్టలేదు. ఉతికిన బట్టలే మళ్లీ మిషన్‌లో వేశాను. అలమర సర్దాను, సర్దింది నచ్చక మళ్లీ తీశాను. అంకుల్ వాళ్లింటికి బయల్దేరే వేళకి చెప్పులు వేసుకుని, ఎక్కడికో తెలియక విప్పేశాను. తప్పు చేశాను అన్న మాట కావాలని అన్నాళ్లు పట్టుబట్టాను, అది దొరికింది. దొరికాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నేనే ఫోన్ చెయ్యాలా, చేసి ఏమనాలి? మాట్లాడుకోవడానికి ఇన్నాళ్లూ ఒక ఓడ ఉండేది. ఇప్పుడు అది ఎర్ర నేల మీద ఆగిపోయి ఉంది.

ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. తమ్ముడి మెసేజ్. ‘సీజన్లన్నీ మల్ల చూసిన అక్కా. బ్యాగు దొరకలే.’ దొరకదు తమ్ముడూ, పుస్తకాలు తెరిచి చదువుకో అని జవాబిచ్చాను. ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే మళ్లీ మోగింది. ఈసారి అక్క.

ఎత్తాను.

“ఏం చేస్తున్నావే?” అంది.

“ఏం లేదు. నువ్వు?”

“నేనూ ఏం లేదు.”

ఆ తర్వాత ఇద్దరికీ ఏమీ తోచలేదు. కెప్టెన్ గురించి అడగడానికి లేదు, డాక్టర్ మీద తొయ్యడానికి లేదు. అటువైపు కుక్కర్ కూత వినిపించింది. ఇటువైపు కిటికీ కింద సైకిల్ రిక్షా బెల్లు. పెట్టేస్తుందేమో అనిపించి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. నేను పెట్టేస్తానేమోనని ఆమెకీ అనిపించినట్టుంది.

“ఉన్నావా?” అంది.

“ఉన్నాను,” అన్నాను.